నెపోలియన్ కాలంలో ఫిరంగులు చంపేవా, చప్పుడే చేసేవా?

మస్కెట్లు, గుర్రపు దళాలు రాజ్యమేలిన కాలంలో యూరప్ యుద్ధాల్లో ఫిరంగుల పని నిజంగా చంపడమా, లేక చప్పుడుతో బెదరగొట్టడమా అని అడిగారు. రెండూనూ. అయితే ఎంత చంపేదన్నది చాలావరకు కింద ఉన్న నేలను బట్టి ఉండేది.

నేను ఆర్టిలరీలో పదిహేడేళ్లు పనిచేసి వచ్చాను. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్, ఆ తర్వాత 105 ఎం.ఎం. ఫీల్డ్ గన్. మేం కొట్టే టార్గెట్ మాకు కనిపించదు. ముందెక్కడో కొండ మీద ఓపీ (టార్గెట్‌ను కనిపెట్టి చూసేవాడు) కూర్చుని వైర్‌లెస్‌లో చెబుతాడు, మేం కొడతాం. ఆ రోజుల్లో ఆ వెసులుబాటు లేదు. కంటికి ఆనినదాన్నే కొట్టాలి. నాలుగు రౌండ్లు పేలాక పొగలో అదీ ఆనదు.

వాళ్ల గుండు చాలావరకు ఉత్త ఇనుప ముద్ద, పేలదు. ఫ్రెంచివాళ్ల 12 పౌండ్ల గుండు దాదాపు ఆరు కిలోలు. చెరువులో చిల్లపెంకు విసిరితే కప్పగంతులు వేస్తుందే, అలా గట్టి నేల మీద తగిలి లేస్తూ పోయేది. బారులు తీరి నిలబడ్డ మనుషుల్లోంచి, గుర్రాల్లోంచి దూసుకుపోయేది. శత్రువు మరీ దగ్గరికొస్తే రేకు డబ్బాలో నింపిన చిన్న గుండ్లు కొట్టేవారు. 1807లో ఫ్రీడ్‌లాండ్ యుద్ధంలో నెపోలియన్ ఫిరంగిదళ సేనాని సెనార్మోన్ సుమారు 30 ఫిరంగుల్ని అంచెలంచెలుగా రష్యన్ల ముందుకు తోయించి ఇదే పని చేశాడు. 1765లో గ్రిబోవాల్ అనే ఫ్రెంచి ఆర్టిలరీ అధికారి ఫిరంగుల బరువు తగ్గించడం వల్లే అలా తోయడం కుదిరింది. గుర్రాల్ని విప్పేసి, మనుషులే భుజాలకు పట్టీలు తగిలించుకుని లాగేవారు.

ప్రతి రౌండ్ తర్వాత తడి స్పంజితో బారెల్ తుడవాలి. తుడుస్తున్నంతసేపూ ఒకడు వెనక రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఉంచాలి. వేలు తీశాడా, లోపలి నిప్పురవ్వకు గాలి తగిలి, మందు దట్టించేవాడి చెయ్యి పోతుంది. ఇది చదివినప్పుడల్లా నా వేలు జివ్వుమంటుంది.

రెండేళ్ల కిందట బ్రస్సెల్స్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, నెపోలియన్ చివరిసారి ఓడిన వాటర్లూ చూశాను. 226 మెట్లెక్కితే దిబ్బ మీద సింహం ఉంటుంది. ఆ దిబ్బకు మట్టి యుద్ధభూమిలోనే తవ్వేశారు. అక్కడ నెపోలియన్‌ను ఎదుర్కొన్న బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ నమ్ముకున్న మిట్ట ఇప్పుడు అప్పటిలా లేదు, అదే బాధ. ముందురోజు వాన పడింది. పొలం గట్టున వంద అడుగులు వేసేసరికి బూట్లు చెరో కిలో బరువెక్కాయి. 1815 జూన్ 17 రాత్రీ అంతే, కుండపోత. మర్నాడు నెపోలియన్ 80 దాకా ఫిరంగుల్ని ఒకచోట పెట్టి కొట్టించినా, చాలా గుండ్లు లేవకుండా బురదలోనే కూరుకుపోయాయి. వెల్లింగ్టన్ కూడా తనవాళ్లను చాలామందిని మిట్ట వెనక వాలులోకి తీసేశాడు. పేలిన ప్రతిసారీ వెనక్కి దొర్లే ఫిరంగిని ఆ బురదలో మళ్లీ ముందుకు తోసినవాళ్ల నడుములు ఏమయ్యాయో నేను ఊహించగలను.

అంతమాత్రాన ఉత్త చప్పుడే అనుకోకండి. పారిస్‌లోని ఇన్వాలిడ్ సైనిక మ్యూజియంలో ఆంత్వాన్ ఫోవో అనే గుర్రపు సైనికుడి కవచం ఉంది. వాటర్లూలోనే పోయాడు. కుడి రొమ్ము దగ్గర నా పిడికిలి సులువుగా దూరేంత రంధ్రం. మా ఆవిడ ముందువైపు చూసి పక్కకెళ్లిపోయింది. నేను చుట్టూ తిరిగి వెనకవైపు చూశాను. అటు ఇనుప రేకు చీలి, అంచులు బయటికి తిరిగి ఉన్నాయి.