ఓపెన్ ఇంటర్ చెల్లుతుందా, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు చాలవా?

ప్రశ్న: మా అమ్మాయికి 29 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా పెళ్ళి చేశాం, పరీక్షలు రాయలేదు. ఇద్దరు పిల్లలు. ఇప్పుడు మళ్ళీ చదివి టీచర్ కావాలంటోంది. ఓపెన్ చదువులు ఉద్యోగాలకు చెల్లవని బంధువులు అంటున్నారు. ఆన్‌లైన్ కోర్సులు చేస్తే క్రెడిట్లు వస్తాయని, అవి డిగ్రీలో కలుస్తాయని అల్లుడి స్నేహితుడు చెప్పాడు. ఒక ఏజెంటు ఏడాదిలోనే డిగ్రీ ఇప్పిస్తానంటున్నాడు. ఈ వయసులో డబ్బూ సమయమూ పెట్టడం వృథా కాదా? ఏ దారి మేలు?
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: అయ్యా, ‘చెల్లుతుందా’ అనే ప్రశ్న నాకు ఏటా ఎన్నో ఉత్తరాలలో వస్తుంది. దాని అడుగున ఉండే భయం కూడా ఒక్కటే. ఇద్దరు పిల్లల తల్లి పుస్తకాలు పట్టుకుని పరీక్షకు వెళ్తే నలుగురూ నాలుగు మాటలు అంటారు. ఆ మాటలన్నీ పడ్డాక, తీరా ఆ చదువు ఎందుకూ కొరగాదని తేలితే ఎలా అన్నదే మీ బాధ. కాబట్టి ముందుగా దానికే జవాబు చెబుతాను. చెల్లుతుంది. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ గానీ, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ గానీ ఇచ్చే ఇంటర్ సర్టిఫికెట్ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్టే. డిగ్రీ విషయంలోనూ, గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇచ్చే పట్టాలు రెగ్యులర్ పట్టాలతో సమానమేనని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022లో మరోసారి స్పష్టం చేసింది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇవాళ మనం అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అని పిలుస్తున్నది దానినే. అక్కడ చదివి ప్రభుత్వ ఉద్యోగాలు చేస్తున్నవారు మీ జిల్లాలోనే కనిపిస్తారు, అడిగి చూడండి.

ఓపెన్ ఇంటర్ మీ అమ్మాయి వంటివారిని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన చదువు. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే ఆ ప్రవేశం ఐదేళ్లు అమలులో ఉంటుంది, పరీక్షకు తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కనక్కర లేదు. ఒకసారి రెండు పాసైతే ఆ రెండూ ఆమె ఖాతాలో నిలిచిపోతాయి, మిగిలిన మూడూ తర్వాత రాసుకోవచ్చు. పిల్లవాడికి జ్వరం వచ్చి ఒక పరీక్షకు వెళ్ళలేకపోతే ఏడాది మొత్తం పోయిందని ఏడవవలసిన పని లేదు. గతంలో పాసైన సబ్జెక్టులను, రెండింటి వరకు, బదలాయించుకునే వీలు కూడా ఉంది గానీ దానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి, పదేళ్లు దాటిన మొదటి సంవత్సరం మార్కులపై ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఆన్‌లైన్ క్రెడిట్ల సంగతి. క్రెడిట్లంటే ఒక్కో కోర్సు పాసైనందుకు డిగ్రీ లెక్కలో జమయ్యే పాయింట్లు. ఈ దారిని ఇప్పుడు అందరూ పొగుడుతున్నారు. నాకు మాత్రం, మీ అమ్మాయి పరిస్థితిలో ఉన్నవారి విషయంలో, గట్టి సందేహాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లోని పాఠాలు చెడ్డవి కావు. మంచి ఆచార్యులు చెబుతారు, చేరడానికి రుసుము లేదు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రుసుము కడితే సరిపోతుంది. ఒక సెమిస్టర్‌లోని కోర్సులలో 40 శాతం వరకు ఇలా పూర్తి చేసుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించిన మాట కూడా నిజమే. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను జమ చేసి ఉంచే క్రెడిట్ బ్యాంకు కూడా అదే ఏడాది వచ్చింది. అయితే అల్లుడిగారి స్నేహితుడు చెప్పని మాట ఒకటుంది. ఆ క్రెడిట్లను తన లెక్కలో కలుపుకోవలసింది విద్యార్థి చేరిన విశ్వవిద్యాలయమే. ఏ కోర్సులను ఒప్పుకోవాలో నిర్ణయించేదీ అదే. ఎక్కడా చేరకుండా కూడబెట్టిన సర్టిఫికెట్లు వాటంతట అవే డిగ్రీగా మారవు. బ్యాంకులో వేసిన క్రెడిట్లకు కూడా గడువు ఉంటుంది, సాధారణంగా అది ఏడేళ్లు. ఇంటర్ మెమో లేని మనిషికి డిగ్రీలో ప్రవేశమే లేనప్పుడు ఆ క్రెడిట్లు ఎవరి లెక్కలో కలుస్తాయి?

మొన్నామధ్య ఒక తల్లి నా దగ్గరికి వచ్చి ప్లాస్టిక్ ఫైలు ఒకటి బల్ల మీద పెట్టింది. అందులో పద్నాలుగు సర్టిఫికెట్లున్నాయి, ఒక్కొక్కటీ రంగుల్లో ప్రింటు తీయించి లామినేషన్ చేయించింది. డిజిటల్ మార్కెటింగ్, పిల్లల మనస్తత్వం, స్పోకెన్ ఇంగ్లిష్, ఇంకా ఎన్నో. పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి ఫోనులో పాఠాలు విని సంపాదించినవి అవి. ఫైలులో అట్టడుగున పదో తరగతి మెమో ఉంది, దానికి పైమెట్టు మెమో ఏదీ లేదు. రెండేళ్ల ఆ శ్రమలో సగం పెట్టినా ఇంటర్ పూర్తయ్యేదని ఆమెకు చెప్పవలసి వచ్చినప్పుడు నాకు నోరు పెగల్లేదు. ఆమె కష్టంలో లోపం లేదు. ఏది ముందో ఏది వెనకో చెప్పేవారు లేకపోయారు. మీ అమ్మాయికి అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. డిగ్రీలో చేరాక, తన విశ్వవిద్యాలయం ఒప్పుకున్న స్వయం కోర్సులు నిక్షేపంగా చేసుకోవచ్చు.

ఏజెంటు మాటకు ఎక్కువ చోటు ఇవ్వను. మూడేళ్ల డిగ్రీ ఏడాదిలో రాదు. ‘వన్ సిట్టింగ్’ పేరుతో అమ్మేది పాత తేదీలు వేసిన కాగితం. సర్టిఫికెట్ల పరిశీలనలో అది బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా మీ అమ్మాయి మీదే పడుతుంది. అతనికి బయానా ఇచ్చి ఉంటే, ఆ డబ్బు పోయిందనుకుని ఊరుకోండి.

ఇప్పుడు మీతో ఒక మాట. పరీక్షలు రాయకముందే పెళ్ళి చేసింది మీరు. ఆ పరీక్షలు అయ్యేదాకా ఆగి ఉంటే ఈ ఉత్తరం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. ఆ రోజు పెళ్ళి ఖర్చు వృథా అనిపించలేదు. ఈ రోజు పరీక్ష ఫీజు మాత్రం వృథా అనిపిస్తోందా? మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, అల్లుడి స్నేహితుడి మాట ఉంది, ఏజెంటు మాట కూడా ఉంది. అమ్మాయి మాట ఒక్క వాక్యంలోనే ముగిసిపోయింది. ఏ తరగతి పిల్లలకు చెప్పాలనుకుంటోందో ఆమెను అడిగారా? దారి ఎంచుకోవడం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది.

ఐదో తరగతి లోపు పిల్లలకు చెప్పాలనుకుంటే ఆమెకు కావలసింది ఇంటర్, ఆపైన రెండేళ్ల ఉపాధ్యాయ శిక్షణ కోర్సు డీఎడ్, ఆ తర్వాత ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్. ఆ పోస్టులకు బీఎడ్ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023లో తీర్పు ఇచ్చింది కాబట్టి డిగ్రీ కోసం ఆగనక్కర లేదు. హైస్కూలులో చెప్పాలనుకుంటే డిగ్రీ, ఆపైన బీఎడ్ తప్పవు. డిగ్రీలో తీసుకునే సబ్జెక్టులను బట్టే బీఎడ్‌లో బోధనాంశం వస్తుంది. రెండు దారుల్లోనూ సాధారణంగా 50 శాతం మార్కులు కావాలి, రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపు ఉంటుంది. కాబట్టి ‘ఓపెనే కదా, పాసైతే చాలు’ అనే మాట ఇంట్లో ఎవరినీ అననివ్వకండి. ఆమెకు ఆదివారాలు స్టడీ సెంటరుకు వెళ్ళే తీరిక, పరీక్షలకు ముందు నెల రోజులు పుట్టింట్లో ప్రశాంతత కావాలి. మనవళ్లను ఆ నెల రోజులు మీరు చూసుకోండి.

ఫీజు కట్టే ముందు ఆమె పదో తరగతి మెమోను, ఆధార్ కార్డును పక్కపక్కన పెట్టి చూడండి. మెమోలో మీ ఇంటిపేరు, ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు ఉంటే ప్రవేశం దగ్గర, క్రెడిట్ బ్యాంకు ఖాతా దగ్గర, చివరికి ఉద్యోగం దగ్గర కూడా చిక్కు వస్తుంది. మెమోలో ఉన్నట్టుగానే ఆధార్‌లో పేరు సరిచేయించి, ఆ తర్వాతే దరఖాస్తు నింపించండి.