రాత్రి రెండింటి దాకా నల్ల స్క్రీన్ మీద ఒక్క గీత దిద్దుతున్నాడు, మాన్పించాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒకమ్మ రాశారు. వాళ్లబ్బాయి బరంపురంలో బీటెక్ కంప్యూటర్స్ సెకండియర్, సెలవులకి ఇంటికొచ్చి పది రోజులయిందట, రోజూ రాత్రి రెండింటి దాకా నల్ల స్క్రీన్ ముందు కూచుని అడుగున ఉన్న ఒక్క గీతకి రంగులు మారుస్తూ ఉంటాడట, ఏట్రా అదంటే 'విమ్ స్టేటస్ లైన్ అమ్మా, నీకు చెప్పినా అర్థం కాదు' అంటాడట. వాళ్లాయనకి సొంత లారీ, తనే నడుపుతారు, 'నేను టైర్లరగదీసి ఫీజు కడుతుంటే వీడు గీతలు దిద్దుతున్నాడు' అని కేకలేస్తున్నారట. ఇది ఉద్యోగానికి పనికొచ్చేదేనా, మాన్పించమంటారా అని ప్రశ్న.

అమ్మా, మాన్పించొద్దు. అలాగని గాలికి వదిలేయొద్దు కూడా.

ముందు అదేంటో చెప్తాను. విమ్ అంటే ప్రోగ్రామ్‌లు రాసుకునే ఎడిటర్, బ్రామ్ మూలెనార్ అనే డచ్ ఆయన 1991లో బయటికి వదిలాడు, 2023లో పోయాడు పాపం. దానికి ముందు వీఐ అని 1976 నాటి ఎడిటర్ ఉండేది, ఇది దాని వంశమే. మౌస్ అక్కర్లేదు, అంతా కీబోర్డే. కింద ఒక గీత ఉంటుంది, ఏ ఫైల్‌లో ఉన్నాం, మార్చింది సేవ్ చేశామా లేదా, ఎన్నో లైన్‌లో ఉన్నాం అన్నీ అందులో కనబడేలా పెట్టుకోవచ్చు, దానికోసం విమ్‌ఆర్‌సీ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో మనమే రాసుకోవాలి. మీ ఆయన లారీ క్యాబిన్ గుర్తు చేసుకోండి. అందులో డీజిల్ మీటరూ ఉంటుంది, అద్దం ముందు వేలాడే రంగు కుచ్చులూ ఉంటాయి. మీవాడు దిద్దేది మీటరా కుచ్చులా అన్నదే మనం తేల్చుకోవాల్సింది.

తేల్చడానికి మీకు కంప్యూటర్ రానక్కర్లేదు. పక్కన కూచుని ఆ ఫైల్‌లో ఏదో ఒక లైన్ మీద వేలు పెట్టి, నాన్నా ఇదెందుకు, తీసేస్తే ఏమవుతుంది, తెలుగులో చెప్పు అనండి. 'నెట్‌లో ఎవరో పెట్టారు, బాగుందని వేసుకున్నా' అంటే కుచ్చులే. తీసేసి చూపించి, మళ్లీ పెట్టి, ఇందుకూ అని చెప్పాడంటే మాత్రం వాణ్ణి కదపకండి. మీకు అర్థం కాకపోయినా పర్లేదు, చెప్పేటప్పుడు వాడు తడబడుతున్నాడో లేదో తల్లికి తెలీదేంటి.

ఇక బాబూ, ఇది నీకు. ఎయిర్‌లైన్, లైట్‌లైన్ లాంటి రెడీమేడ్ ప్లగిన్ ఏదన్నా వేసుంటే ఒక వారం తీసెయ్, నీ చేత్తో రాయి. ముందు లాస్ట్‌స్టేటస్ 2 అని పెట్టు, లేకపోతే మామూలు విమ్‌లో ఒక్క విండోనే తెరిచినప్పుడు ఆ గీత అసలు రాదు, రాలేదని జుట్టు పీక్కుంటావు. తర్వాత స్టేటస్‌లైన్ అనే సెట్టింగ్‌లో పర్సెంట్ గుర్తు పక్కన చిన్న ఎఫ్ అంటే ఫైల్ పేరు, ఎమ్ అంటే మార్పు గుర్తు, ఎల్ అంటే లైన్ నంబర్, పర్సెంట్ పక్కన ఈక్వల్ పెడితే అక్కణ్ణుంచి మిగతాదంతా కుడి పక్కకి జరుగుతుంది. సెట్ కమాండ్‌తో రాసేటప్పుడు ఖాళీకి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, ఇది మర్చిపోయి ఎర్రర్ తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఫైల్ ఫార్మాట్ కూడా ఆ గీతలో పెట్టుకో, ఇది కుచ్చు కాదు. నా దగ్గరికొచ్చే ఒక కుర్రాడు విండోస్‌లో రాసిన స్క్రిప్ట్‌ని లైనక్స్‌లో (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) నడపబోతే బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అని ఎర్రర్, కోడ్ చూస్తే ఎక్కడా తప్పు లేదు, పూటంతా పోయింది. విండోస్‌లో ప్రతి లైన్ చివరా కంటికి కనబడని ఒక అక్షరం ఎక్కువుంటుంది, అది మొదటి లైన్‌లో ఉన్న బాష్ (ఆ స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) పేరుకి అంటుకుపోయింది. విమ్‌లో తెరిస్తే అది డాస్, అంటే విండోస్ రకం ఫైల్ అని గుర్తుపట్టి ఆ అక్షరాన్ని దాచేస్తుంది కాబట్టి కింద గీతలో డాస్ అని రాసుంటే తప్ప తేలిగ్గా తెలీదు. లైనక్స్ వాడే యూనిక్స్ రకానికి మార్చి సేవ్ చేస్తే అయిపోయేదానికి ఒక పూట.

ఇంకోటి, నాకు మహా ఇష్టమైంది. పర్సెంట్ పక్కన పెద్ద బీ పెట్టు, కర్సర్ కింద ఉన్న అక్షరం నంబర్ హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో చూపిస్తుంది. తెలుగు 'అ' మీద పెడితే సీ05, ఒడియా 'అ' మీద పెడితే బీ05. 'క' మీద సీ15, బీ15. చూశావా, యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపుల అక్షరాలకి నంబర్లిచ్చిన పట్టికలో, రెండు లిపుల్నీ ఒకే వరసలో పేర్చారు, తెలుగు అక్షరం నంబర్‌లోంచి 256 (హెక్సాలో 100) తీసేస్తే చాలావాటికి ఒడియా అక్షరం వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా మాట్లాడుతూ పెరిగినవాడివి, గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసిన ఊరివాడివి, ఈ పని నువ్వు కాక ఎవరు చేస్తారు? తెలుగు పేరిస్తే ఒడియా లిపిలో ఇచ్చే చిన్న ప్రోగ్రామ్ రాయి. తీసివేత ఒక్కదానితో పనైపోదు, ఒడియాలో పొట్టి 'ఎ', పొట్టి 'ఒ' లేవు, ఆ గళ్లు ఖాళీ. 'య' కి ఎదురుగా వచ్చే అక్షరాన్ని వాళ్లు 'జ' లా పలుకుతారు, 'య' పలికే అక్షరం వేరే చోట ఉంది. ఈ తేడాలు పట్టుకోవడం బరంపురం హాస్టల్లో నీ రూమ్మేట్లందరికీ రాదు. గిట్‌హబ్‌లో (కోడ్ నలుగురికీ కనబడేలా పెట్టే సైట్) పెట్టి రెజ్యూమెలో ఒక లైన్ రాసుకో, స్టేటస్ లైన్ రంగుల సంగతి మాత్రం రెజ్యూమెలో రాయకు, నవ్వుతారు.

ఉద్యోగం మాట అడిగారు కదమ్మా. లైనక్స్ అడ్మిన్, డెవ్‌ఆప్స్ లాంటి సర్వర్లు చూసుకునే పనుల్లో కంపెనీ సర్వర్‌లోకి వెళ్తే అక్కడ వీడి రంగులుండవు, చాలాచోట్ల ఉత్త వీఐ ఉంటుంది, దాంతోనే పని కానివ్వాలి. లైనక్స్ అమ్మే రెడ్‌హ్యాట్ కంపెనీ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే సర్టిఫికెట్ పరీక్ష కూడా అంతే, బిట్లు పెట్టడం కాదు, మెషీన్ మీద కూచుని చేసి చూపించాలి, ఇంటర్నెట్ ఇవ్వరు. అందుకని వారంలో ఒక రోజు సెట్టింగ్స్ ఏమీ లేకుండా పనిచెయ్యమనండి. మిగతా రోజుల్లో గీత దిద్దుకోడానికి గంట చాలు, పన్నెండు దాటితే కరెంటు తీసెయ్యండి, ఆ మాటలో వాళ్ల నాన్న వైపే నేను.

ఆయన కోపం తగ్గాలంటే వాడి మొదటి పని ఇంట్లోనే ఉంది. లారీ మీద తెలుగులో రాయించిన పేరుని వాడి ప్రోగ్రామ్‌తో ఒడియాలోకి మార్చి చూపించమనండి. ఒకవేళ అది వెంకటేశ్వర అయితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు, పొట్టి 'ఎ' కదా, ఓ రెండ్రోజులు తిప్పలు పడనివ్వండి.