ఆంత్రోపాలజీలో ఎం.ఏ., ఆపైన పీహెచ్‌డీ చేయాలంటే ఏమేం పూర్తి చేయాలి?

బీఎస్సీ చదివినవారికి ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ఎం.ఏ.లో సీటు వస్తుందా, పట్టా చేతికి రావాలంటే ఏమేం పూర్తి చేయాలి, ఆ తరువాత పీహెచ్‌డీ మాటేమిటి అని అడిగారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ చదువే చదివినవాణ్ణి కనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను.

సీటు సంగతి తేలికగానే తేలిపోతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ-పీజీ, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. డిగ్రీలో ఆంత్రోపాలజీ చదివి ఉండాలన్న షరతు ఎం.ఏ.కు సాధారణంగా ఉండదు. మా తరగతిలో బీకాం వారూ, ఇంజనీరింగ్ వారూ ఉండేవారు.

రెండేళ్లలో నాలుగు సెమిస్టర్లు ఉంటాయి. సామాజిక-సాంస్కృతిక, జైవిక, పురావస్తు, భాషా శాఖలు నాలుగింటితోనూ పరిచయం కలుగుతుంది గాని, ఏ శాఖకు ఎంత బరువు ఇస్తారన్నది ఆ విభాగంలోని అధ్యాపకులను బట్టి మారుతుంది. ఎమ్మెస్సీ అయితే శరీర కొలతలు, వేలిముద్రల రేఖలు, రక్త వర్గాల ప్రాక్టికల్స్ ఎక్కువ. బీఎస్సీ నేపథ్యం మీకు అక్కడ బాగా పనికివస్తుంది. సిద్ధాంతాల పేపరు అందరినీ కష్టపెడుతుంది. బంధుత్వాల పేపరు మాత్రం మనవారికి కలిసివస్తుంది: మేనమామ కూతురితో పెళ్లి కుదరడానికీ, పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో కావడానికీ వెనుక ఉన్న నియమాన్ని ఇతర ప్రాంతాల మిత్రులు పటాలు గీసుకొని నేర్చుకుంటుంటే మనకది ఇంట్లో తెలిసిన విషయమే.

అసలు పరీక్ష క్షేత్రకార్యంలోనూ (ఫీల్డ్‌వర్క్), దాని ఆధారంగా రాసే డిసర్టేషన్‌లోనూ ఉంటుంది. నేను ఆదిలాబాద్ జిల్లాలో, ఉట్నూరు వైపు ఒక గోండు గ్రామాన్ని ఎంచుకున్నాను. 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పనిచేసిన మార్లవాయి గ్రామం ఆ ప్రాంతంలోనిదే కావడంతో చదువుకోవడానికి పాత సమాచారం దొరికింది. విభాగం నుంచి లేఖ తీసుకోవడం, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులకు తెలియజేయడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఊరి పెద్ద అయిన పట్లాతో మాట్లాడి ఎందుకు వచ్చామో దాపరికం లేకుండా చెప్పడం, ఇవన్నీ పూర్తయ్యాకే ఇంటింటి వివరాల సేకరణ మొదలవుతుంది. పత్తి ఏరే కాలంలో పగలు ఊళ్లో మనుషులు దొరకరు కనుక మాటలన్నీ రాత్రి భోజనాల తరువాతే సాగేవి. మగవారిలో చాలామంది తెలుగులో మాట్లాడినా, పెద్దవయసు స్త్రీలతో మాట్లాడాలంటే గోండీ తప్పనిసరి. ఎవరినైనా అనువాదకుడిగా వెంట తీసుకువెళితే ఆ మనిషికి బంధువులైన వారి మాటలే ఎక్కువగా చెవిన పడతాయి. ఆ రోజు రాతలు ఆ రాత్రే సాపు చేసుకోవాలి. సెలవుల్లో ఏదో ఒక ఊరు చూసివచ్చి రాసేద్దామనుకునేవారి డిసర్టేషన్ గైడు దగ్గరే ఆగిపోవడం నేను చూశాను.

పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు వర్తిస్తాయి. ఎం.ఏ.లో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు నేరుగా కూడా దరఖాస్తు చేయవచ్చు. కోర్సువర్కు 12 నుంచి 16 క్రెడిట్లు, గడువు కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠంగా ఆరేళ్లు. సిద్ధాంత వ్యాసం సమర్పించేలోపు పరిశోధన పత్రం ప్రచురించి తీరాలన్న పాత షరతును ఆ నిబంధనల నుంచి తీసివేశారు. 2024 జూన్ నుంచి నెట్ (జాతీయ అర్హతా పరీక్ష) స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశం కూడా పొందవచ్చు. ఆ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. ఆ ఆసరా లేకుండా ఏడాదిపాటు పల్లెలో ఉండి పనిచేయడం మధ్యతరగతి కుటుంబాలకు భారమే కనుక, ఎం.ఏ. రెండో ఏడాదిలోనే నెట్‌కు కూర్చోమని నా సలహా.

అమెరికా గురించి కూడా ఒక మాట అడిగారు. అక్కడ చాలా విభాగాల్లో డిగ్రీ తరువాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు. రెండు మూడేళ్ల కోర్సులు, అర్హతా పరీక్ష, పరిశోధన ప్రణాళిక సమర్థన, నైతిక సమీక్షా మండలి అనుమతి, ఏడాదికి అటూఇటూగా క్షేత్రకార్యం, చివరికి సిద్ధాంత వ్యాసం ఇదే వరుసలో వస్తాయి. దరఖాస్తులో మార్కులకన్నా మీరు రాసే పరిశోధన ఉద్దేశమూ, అది ఆ విభాగంలో ఏ అధ్యాపకుని పనితో కలుస్తుందన్నదీ ఎక్కువగా చూస్తారు కనుక, విశ్వవిద్యాలయం పేరుకన్నా ముందు ఆ అధ్యాపకుల వ్యాసాలు చదవడం మొదలుపెట్టండి.