లేఅవుట్ పార్కు స్థలంలో ఇళ్లు కడతామంటే కాలనీవాసులు ఆపగలరా?

ఆపగలరు, సరైన కాగితం చేతిలో ఉంటే. నినాదాలకన్నా ముందు ఆమోదం పొందిన లేఅవుట్ నకలు సంపాదించండి. పురపాలక కార్యాలయం మీనమేషాలు లెక్కిస్తే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ నకలులో స్థలాన్ని ‘పార్కు’ అని చూపి ఉంటే సగం గెలిచినట్టే.

ఈ విషయంలో తరచూ ఉదహరించేది బెంగళూరు కేసు. రాజమహల్ విలాస్ విస్తరణ ప్రాంతంలో పార్కుకని విడిచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోం కోసం బెంగళూరు మెడికల్ ట్రస్టుకు కేటాయించారు. స్థానికులు కోర్టుకెక్కారు. ‘అసలు మీకేం సంబంధం?’ అన్న వాదన అక్కడ నిలవలేదు. పార్కు పోతే నష్టపోయేది చుట్టుపక్కలవారే కాబట్టి అడిగే హక్కు వారికి ఉందని, కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్పత్రికే దక్కని స్థలం అపార్టుమెంట్లకు దక్కుతుందా?

చిక్కల్లా అనుమతి లేని పాత లేఅవుట్లతోనే. వాటిలో చాలాసార్లు పార్కు బ్రోచరులోనే ఉంటుంది తప్ప, స్థలం పురపాలక సంఘం పేరిట రిజిస్టరై ఉండదు. అప్పుడు మీ దస్తావేజుల్లో హద్దులు చూడండి. ‘తూర్పు: పార్కు స్థలం’ అని రాసి ఉంటే అది పనికొచ్చే సాక్ష్యం. స్టే కోసం మాత్రం పునాది పడకముందే వెళ్లండి. గోడలు లేచాక కూల్చమని అడగడం చాలా కష్టం.