ర్యాంకు కన్నా ‘నిన్న ఏం చేశారు’ అన్న ప్రశ్నే నయం

మీ సందేహం: 2025 మానవాభివృద్ధి నివేదికలో భారత్‌ది 193 దేశాల్లో 130వ స్థానం, అదే ఏడాది ప్రపంచ ఆనంద నివేదికలో 118. ఫిన్లాండ్ మనిషి బతుకునీ పాలమూరు మనిషి బతుకునీ ఒకే కొలతతో కొలవొచ్చా?

కొంతవరకు కొలవొచ్చు. ఓ సర్వే ఏజెన్సీ తరఫున మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల ఊళ్లలో కొన్నేళ్లు ఇంటింటికీ తిరిగి ప్రశ్నపత్రాలు నింపాను. ఆ అనుభవంతో చెబుతున్నా.

మీరు చెప్పిన రెండింట్లో మొదటిదే, అంటే మానవాభివృద్ధి సూచీయే గట్టిది. 1990లో పాకిస్థాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ సహకారంతో వచ్చింది. ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం, అంతే. ఎవరి అభిప్రాయమూ అడగరు. 2010 నుంచి ఈ మూడింటినీ కూడి సగటు తీయకుండా, గుణించి ఘనమూలం (గుణమధ్యమం) తీస్తున్నారు కాబట్టి, చదువులో వెనకబడితే డబ్బుతో ఆ లోటు పూర్తిగా పూడదు. 1970ల్లో కేరళ తలసరి ఆదాయం దేశ సగటు కన్నా తక్కువే. ఆయుర్దాయం, అక్షరాస్యత కూడా లెక్కలోకి తీసుకున్నాకే అది ప్రత్యేకంగా కనబడింది.

ఆనంద నివేదిక సంగతి వేరు. ఒక నిచ్చెన ఊహించుకోండి, అడుగున సున్నా, పైన పది, మీరు ఏ మెట్టు మీద ఉన్నారు అని అడుగుతారు. 2018 నుంచి ఫిన్లాండ్ మొదటి స్థానంలో నిలుస్తున్నది ఈ ప్రశ్న మీదే. మా ప్రశ్నపత్రంలోనూ ఇలాంటిదొకటి ఉండేది. పాలమూరులో ఓ పెద్దామె నవ్వేసి, “ఏదో నడుస్తుంది బిడ్డా, ఆ నంబరేదో నువ్వే రాస్కో” అంది. శ్రీకాకుళం వైపు ఇంకొకామె “పదని సెబితే దిష్టి తగల్దేటమ్మా!” అంది. భర్త పక్కనుంటే ఒక అంకె, ఆయన లేచి పొలానికి పోయాక ఇంకో అంకె. ఏది ఉంచాలని సూపర్‌వైజర్‌ని అడిగితే మొదటిదే ఉంచమన్నాడు. అందుకే నిచ్చెన ర్యాంకులు చూస్తే నాకు పెద్దగా గుబులు పుట్టదు, సంతోషమూ కలగదు.

మరి ఇంట్లో ఏముంది, ఏ సేవ అందింది అని లెక్కేస్తే? అదీ పూర్తిగా సరిపోదు. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలో మాతృ ఆరోగ్యం ఒక అంశం. గర్భిణికి కనీసం నాలుగు చెకప్‌లు జరిగాయా, శిక్షణ ఉన్నవాళ్లు పురుడు పోశారా అని చూస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. భేష్ అనాల్సిందే. అదే సర్వేలో ఇంకాస్త కిందికెళ్తే, 60.7 శాతం కాన్పులు పెద్దాపరేషన్లు, దేశంలోనే అత్యధికం. సిజేరియన్లు 10 శాతం దాటి పెరిగితే తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. గర్భసంచి తీయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ మన రెండూ ముందున్నాయి. ముప్పై దాటకుండానే ఆ ఆపరేషన్ అయి, నడుం పట్టుకుని పత్తి ఏరడానికి పోయే వాళ్లతో మాట్లాడాను. పేదరిక సూచీలో ఆ నడుం నొప్పికి గడి లేదు.

నన్నడిగితే ఏ సమాజంలోనైనా ముందు చూడాల్సింది సమయం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా చేసిన సమయ వినియోగ సర్వేలో, నిన్న తెల్లవారుజామున నాలుగు నుంచి ఇవాళ నాలుగు దాకా ఏమేం చేశారో అరగంట చొప్పున అడిగారు. ఇంటిపని చేసే ఆడవాళ్లకు దానికి రోజుకు 299 నిమిషాలు పట్టింది, చేసే మగవాళ్లకు 97. 2024లో మళ్లీ అడిగితే 289, 88. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గింది, మగవాళ్లకు తొమ్మిది. కాబట్టి ఆ పది నిమిషాల పనీ మగవాళ్లు అందుకున్నారని మురిసిపోకండి.

మేమూ ఓ సర్వేలో ఇలాగే అడిగాం. నిచ్చెన దగ్గర నవ్వేసిన మనుషులే ఇక్కడ గడగడా చెప్పేవాళ్లు: నీళ్లు ఎప్పుడొచ్చాయి, కూలికి ఆటో ఎప్పుడెక్కారు, అన్నం ఎన్నింటికి తిన్నారు. నిన్నటి రోజు చెప్పడానికి దిష్టి భయం లేదు, పరువు సమస్యా తక్కువే. ఫిన్లాండ్ 1979 నుంచే ఇలాంటి సర్వేలు చేస్తోంది. భూటాన్ తన ప్రజల బాగు కొలవడానికి వాడే స్థూల జాతీయ ఆనంద సూచీలోని తొమ్మిది రంగాల్లో సమయ వినియోగం ఒకటి, అందులో నిద్ర కూడా లెక్కే. రెండు దేశాల మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూడాలంటే నాకు తెలిసి ఇంతకన్నా నిజాయితీ అయిన పట్టిక లేదు.

దీనికీ ఒక చిక్కుంది. బిడ్డను చంకనేసుకుని వంట చేస్తున్న అరగంటను ఏ పని కింద రాయాలి? అందులో ముఖ్యమైన పని ఏదని అడిగితే చాలామంది వంట అనే చెప్పేవారు. “పిల్లోణ్ణి ఎత్తుకోవడం కూడా ఓ పనేనా?” అని ఎదురడిగేవారు.