కలెక్టరేటుకు కాగితాలు తీసుకెళ్లండి, తుపాకి కాదు

ప్రశ్న: అడవి పందుల నుంచి పంటను కాపాడుకునేందుకు మా నాన్నగారు లైసెన్సుతో ఒక నాటు తుపాకి ఉంచుకునేవారు. ఆయన ఈమధ్యే కాలం చేశారు. లైసెన్సును నా పేరుకు మార్పించుకుందామని తుపాకిని గోనెసంచిలో చుట్టుకుని చిత్తూరు కలెక్టరేటుకు వెళితే, గేటు దగ్గరే పోలీసులు ఆపి మందలించి పంపేశారు. లైసెన్సు పుస్తకం చూపించినా లోపలికి వదల్లేదు. వారికి ఆ అధికారం ఏ చట్టం ఇచ్చింది?
– ఒక రైతు, పలమనేరు మండలం

జవాబు: మందలింపుతో సరిపెట్టినందుకు సంతోషించండి. మీరు చూపించిన పుస్తకం మీ నాన్నగారిది. లైసెన్సు అనేది వ్యక్తికి ఇచ్చే అనుమతి కనుక, ఆయన పోయిన తరువాత అది ఇంట్లో మరొకరికి దానంతట అదే సంక్రమించదు. 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం, ఏ కారణం చేతనైనా ఆయుధాన్ని కలిగి ఉండే హక్కు ముగిసిపోతే, దానిని అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గాని, నిబంధనలకు లోబడి లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గర గాని అప్పగించాలి. అంటే ఆ రోజు మీరు పలమనేరు నుంచి చిత్తూరు దాకా తీసుకువెళ్లినది, చట్టం దృష్టిలో, మీకు లైసెన్సు లేని తుపాకి.

మీ పేరనే లైసెన్సు ఉందనుకుందాం. అప్పుడైనా గేటు దాటనివ్వాలా అంటే, నా సమాధానం అక్కరలేదనే. ప్రభుత్వ కార్యాలయంలోకి ఆయుధం తేరాదని ఆయుధాల చట్టంలో విడిగా ఒక సెక్షను లేని మాట నిజమే. కొందరు దీనినే పట్టుకుని వాదిస్తుంటారు. కాని లైసెన్సు ఇచ్చేది ఆయుధం కలిగి ఉండే హక్కునే గాని, దానితో ఎక్కడికైనా ప్రవేశించే హక్కును కాదు. లైసెన్సుతో పాటే షరతులు ఉంటాయి: ఏ ప్రయోజనానికి ఇచ్చారో దానికే ఆయుధం వెంట ఉండాలి, జిల్లా మేజిస్ట్రేటు ప్రత్యేక అనుమతి లేనిదే తిరునాళ్లకు, మతపరమైన ఊరేగింపులకు, జనసమూహాలకు, విద్యాసంస్థల ఆవరణలోకి దానిని తీసుకుపోరాదు. పంట కాపలాకు ఇచ్చిన తుపాకికి కలెక్టరేటు వరండాలో పనేమిటో నిరూపించడం కష్టం. షరతు మీరితే 30వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గాని, 2000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, 17వ సెక్షను కింద లైసెన్సునే రద్దు చేయవచ్చు. ఇవిగాక, ఉద్రిక్తత ఉన్న రోజుల్లో భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షను కింద, అంటే 2024 జూలైకి ముందు మనం 144 అని పిలిచిన దాని కింద, నిషేధాజ్ఞలు రావచ్చు. విధుల్లో ఉన్న పోలీసుల వంటి ప్రభుత్వోద్యోగుల ఆయుధాలకు చట్టమే 45వ సెక్షనులో మినహాయింపు ఇచ్చింది. మీరు ఆ కోవలోకి రారు.

చిత్తూరులో ఈ తనిఖీలను వేధింపుగా చూడడం నాకు సబబుగా తోచదు. 2015 నవంబరు 17న మేయరు కఠారి అనురాధను పట్టపగలు నగరపాలక సంస్థ కార్యాలయంలోనే కాల్చి చంపారు. మరుసటి ఏప్రిల్‌లో జిల్లా న్యాయస్థానాల ఆవరణలో పేలుడు జరిగింది. గోనెసంచిలో ఉన్నది పందుల కోసమో మనుషుల కోసమో గేటు దగ్గరి కానిస్టేబులు సంచిని చూసి చెప్పలేడు.

ఇక చేయవలసినది. ముందుగా మీ స్టేషను అధికారికి విషయం తెలిపి, ఆయన చెప్పిన విధంగా తుపాకిని అప్పగించి రసీదు తీసుకోండి. ఆ రసీదు, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలు, పాత లైసెన్సు తీసుకుని దరఖాస్తు చేయండి. మీకు తోబుట్టువులుంటే వారి సమ్మతి పత్రం కూడా సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. పంట రక్షణకు మందు దట్టించి పేల్చే తుపాకి కోసం వచ్చే దరఖాస్తులను చట్టంలోని 13వ సెక్షను ప్రత్యేకంగా గుర్తిస్తుంది కనుక నిరాశ పడనక్కరలేదు. ఇది చదివే ఇతర రైతులకు ఒక మాట: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, ఆయన బతికుండగానే వారసుడి పేర లైసెన్సు కోరేందుకు 2016 నాటి ఆయుధాల నియమాలు వీలు కల్పిస్తున్నాయి.

ప్రశ్న: నేను బండి మీద టెంకాయలు అమ్ముకుంటాను. తహసీల్దారు కార్యాలయానికి పని మీద వెళ్లినప్పుడు సంచిలో మచ్చుకత్తి ఉందని ఆపారు. బతుకుతెరువు కత్తి కూడా ఆయుధమేనా?
– ఒక చిరువ్యాపారి, తిరుపతి

జవాబు: లైసెన్సు విషయానికి వస్తే, కాదు. నియమాలలో ఆయుధాలుగా పేర్కొన్నవి కత్తులు, బాకులు, బల్లేల వంటివి, 9 అంగుళాలకు మించిన పొడవు గాని 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న అలుగు కలవి. ఇంటి పనికి, సేద్యానికి, పరిశ్రమకు తయారైన వాటిని అందులోంచి తప్పించారు. అందువల్ల మీ మచ్చుకత్తి వెడల్పుగా ఉన్నా లైసెన్సు అడగరు. అయితే ఈ మినహాయింపు లైసెన్సుకే పరిమితం. లోపల వాగ్వాదం పెరిగి అదే కత్తి చేతిలోకి వస్తే, అది టెంకాయలు కొట్టేదన్న వాదన అక్కరకు రాదు. విధుల్లో ఉన్న ఉద్యోగిని బెదిరించిన నేరం వేరుగా నిలుస్తుంది. కత్తిని బండి దగ్గరే వదిలి వెళ్లండి, లేదా గేటు దగ్గర అడగకముందే మీరే చెప్పి అప్పగించండి.

ప్రశ్న: ఆత్మరక్షణ కోసం నాకు రివాల్వరు లైసెన్సు ఉంది. ఓటు వేయడానికి వెళ్లేటప్పుడు, తిరుమలకు వెళ్లేటప్పుడు వెంట ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: రెండు చోట్లా వద్దు. పోలింగు రోజున పోలింగు కేంద్రం పరిసరాల్లో ఎన్నికల అధికారులు, పోలీసులు, శాంతిభద్రతల కోసం నియమితులైనవారు తప్ప మరెవరూ ఆయుధంతో తిరగరాదని 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 134-బి సెక్షను చెబుతోంది. అతిక్రమిస్తే రెండేళ్ల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని. ఆయుధం జప్తుకు లోనవుతుంది, లైసెన్సూ పోతుంది. ఎన్నికల వేళ లైసెన్సున్న ఆయుధాలను స్టేషనులో డిపాజిటు చేయమని అధికారులు కోరతారు కనుక, ఆ రసీదు జేబులో ఉంటే సందేహానికే తావుండదు.

తిరుమల ప్రభుత్వ భవనం కాకపోయినా నియమం ఇంకా కఠినం. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం, 1988, ఆయుధాన్ని గాని ఆయుధంతో ఉన్న మనిషిని గాని లోనికి రానివ్వకూడదని ఆలయ నిర్వాహకుల మీదే బాధ్యత పెట్టింది. సిక్కుల కృపాణానికి, ఆచారంగా వచ్చే క్రతువులలో వాడే ఆయుధాలకు మాత్రమే సడలింపు ఉంది. 2003 అక్టోబరులో ముఖ్యమంత్రి వాహనశ్రేణిపై మందుపాతర పేలింది అలిపిరి దగ్గరే కనుక, అక్కడి తనిఖీలో లైసెన్సు పుస్తకం చూపి పని జరుపుకోవచ్చని అనుకోకండి. శ్రీకాళహస్తిలో బయలుదేరేముందే రివాల్వరును ఇంట్లో తాళం వేసి పెట్టండి.