జనరేటర్ ఉంచాలా, తీసేయాలా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో 2012 నాటి 40 కేవీఏ జనరేటర్ ఉంది. 2027 నుంచి డీజిల్ జనరేటర్లు నిషేధమని, ఇప్పుడే దీన్ని తీసేసి కొత్త మోడల్ కొనుక్కోమని ఒక డీలరు అంటున్నాడు. నిజమేనా?
– అసోసియేషన్ కార్యదర్శి, ఎంవీపీ కాలనీ

జవాబు: నిషేధం లేదండీ. కేంద్రం 2022 ఏప్రిల్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. బ్యాకప్‌కి డీజిల్ వాడేవాళ్లు ఐదేళ్లలో గానీ, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి పెట్టే గడువులో గానీ సోలార్, బ్యాటరీ లాంటి వాటికి మారేందుకు ప్రయత్నించాలని అందులో ఉంది. 2027 అనే మాట అక్కడ పుట్టిందే. ఒకవేళ నిషేధమే అయితే మళ్లీ డీజిల్ సెట్టే కొనమనడం ఏమిటో ఆ డీలరునే అడగండి!

ఆయన చూపిస్తున్న కొత్త మోడల్ సీపీసీబీ-4 ప్లస్, అంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పొగ ప్రమాణాలకు తగ్గట్టు చేసినది అయి ఉంటుంది. 2023 జూలై 1న మొదలైన ఈ ప్రమాణాలు 800 కిలోవాట్ల వరకు కొత్తగా తయారయ్యే ఇంజిన్లకు. నడుస్తున్న పాత సెట్లను తీసేయమని వాటిలో లేదు. ఢిల్లీ చుట్టుపక్కల పాత జనరేటర్లపై ఉన్న ఆంక్షలు విశాఖకు వర్తించవు.

అయితే మీ సెట్టుకూ రెండు లెక్కలు తప్పవు. కెనోపీకి (జనరేటర్ చుట్టూ ఉండే పెట్టె) మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదు. పొగగొట్టం ఎత్తు ఎంతంటే, భవనం ఎత్తుకి కేవీఏ వర్గమూలంలో ఐదో వంతు కలపాలి. 40కి వర్గమూలం 6.3, అందులో ఐదో వంతు 1.26. అంటే గొట్టం మీ భవనాన్ని దాటి ఇంకో మీటరుంపావు పైకి వెళ్లాలి. చాలాచోట్ల అది సెల్లారు ర్యాంపు దగ్గరే ఆగిపోతుంది, పక్కింటివాళ్ల ఫిర్యాదూ అక్కడే మొదలవుతుంది. పైకి తీసుకెళ్లేటప్పుడు వంపులు తగ్గించి, గొట్టం సైజు పెంచండి. లేకపోతే పొగ సాఫీగా పోలేక వెనక్కి నెట్టే ఒత్తిడి (బ్యాక్ ప్రెషర్) పెరిగి ఇంజిన్ నల్లపొగ కక్కుతుంది.

ప్రశ్న: మేడ మీద సోలార్ ఉన్నా కరెంటు పోగానే అదీ ఆగిపోతోంది. ఎందుకు?
– మధురవాడ పాఠకురాలు

జవాబు: ఆగాలనే అలా చేశారు. లేకపోతే మీ కరెంటు లైనులోకి వెళ్లి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. బ్యాకప్ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు (సోలార్‌నీ, బ్యాటరీనీ కలిపి నడిపేది), బ్యాటరీ ఉండాలి. కామన్ లైట్లు 1 కిలోవాట్, లిఫ్టు నడిచేటప్పుడు 5 కిలోవాట్లు అనుకుందాం. లిఫ్టు గంటలో పావుగంటే తిరుగుతుంది కాబట్టి గంటకు రెండుంబావు యూనిట్లు, రెండు గంటలకు నాలుగున్నర. ఆ లెక్కన 6 యూనిట్ల బ్యాటరీ చాలనిపిస్తుంది. కానీ చాలా బ్యాటరీలు ఎన్ని యూనిట్లవైతే అందులో సగం కిలోవాట్లే ఒకేసారి ఇవ్వగలవు. లైట్లు, లిఫ్టు కలిపి ఒకేసారి 6 కిలోవాట్లు కావాలి కాబట్టి 12 యూనిట్లది తీసుకోవాలి. పాత లిఫ్టు మోటారు స్టార్టింగ్‌లో మామూలు కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది. డ్రైవ్ (మోటారు వేగాన్ని మెల్లగా పెంచే పరికరం) లేని లిఫ్టయితే ముందు డ్రైవ్ పెట్టించండి. నీళ్ల మోటారును బ్యాకప్‌లో కలపొద్దు.

ప్రశ్న: ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు నడుపుతున్నాం. అయినా అవసరానికి జనరేటర్ స్టార్ట్ కాదు.
– పెదవాల్తేరు పాఠకుడు

జవాబు: ఆ ఐదు నిమిషాలే కొంప ముంచుతున్నాయి. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయిన చార్జి ఆ కాస్త సమయంలో తిరిగి ఎక్కదు. లోడు లేక ఇంజిన్ వేడెక్కదు, కాలని డీజిల్ మసితో కలిసి సైలెన్సర్‌లో జిడ్డుగా పేరుకుంటుంది. నెలకోసారి, కనీసం 30 శాతం లోడుతో, అరగంట నడపండి. చార్జర్ తీసి కొన్ని గంటలాగి చూస్తే 12 వోల్టుల బ్యాటరీ 12.4 కంటే తక్కువ చూపిస్తే చార్జింగ్ పెట్టాలి. నిండా చార్జయ్యాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకు పడితే మార్చేయడమే. సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి కడుతుంది. వేడినీళ్లతో కడిగి ఆరాక పెట్రోలియం జెల్లీ రాయండి. ఎర్తింగ్ పట్టీ బోల్టులు తుప్పు పట్టాయేమో కూడా చూడండి.

ప్రశ్న: తుపాను రోజుల కోసం ఐస్ ప్లాంటులో ఎంత డీజిల్ నిల్వ పెట్టుకోవచ్చు?
– భీమిలి పాఠకుడు

జవాబు: లైసెన్సు లేకుండా మొత్తం 2,500 లీటర్లు. ఏ ఒక్క ట్యాంకూ 1,000 లీటర్లు మించకూడదు. లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. 60 కిలోవాట్ల లోడుకు గంటకు 18 లీటర్ల లెక్కన అది ఐదున్నర రోజులకు పైనే సరిపోతుంది. 2014 హుద్‌హుద్‌ను గుర్తుపెట్టుకుని నింపండి, ఆరు నెలలకోసారి వాడేసి కొత్తది పోయించండి.